గండి లోపలి నుంచే

మనిషి పోయి, దినకర్మలన్నీ ముగిసిన కొన్నాళ్లకి ఆ ఇంటికి ఒక ఆరోగ్య కార్యకర్త వస్తుంది. చేతిలో ఫారం ఉంటుంది. అరుగు మీద కూర్చుని పోయినాయన భార్యనో కొడుకునో అడుగుతుంది. "ఎలా జరిగిందండీ? ముందు గుండెల్లో నొప్పి అన్నారా? ఎంతసేపుందండీ? ఒళ్లంతా చెమటలు పట్టాయా? మూతి వంకర పోవడం, కాలూ చెయ్యీ పడిపోవడం లాంటివేమైనా..." బీపీ, షుగరు ఉన్నాయని ఎవరైనా డాక్టరు చెప్పారా, చుట్ట కాల్చేవారా, ఆసుపత్రి కాగితాలు దాచి ఉంచారా అని కూడా అడుగుతుంది. ఆమె రాసుకున్నది తర్వాత డాక్టర్ల దగ్గరికి వెళ్తుంది. వాళ్లు చదివి, చావుకి కారణం ఏమై ఉంటుందో తేలుస్తారు. శవాన్ని కొయ్యకుండా ఇంటివాళ్ల మాటల్లోంచి కారణం రాబట్టే ఈ పద్ధతిని వెర్బల్ అటాప్సీ అంటారు. ఎక్కువమంది ఇంట్లోనే కన్నుమూసే పల్లెల్లో చావుల లెక్క తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి దారి ఇంకా దొరకలేదు.

ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో ఈ పని పెద్దయెత్తున జరిగింది. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ అని దానికి పేరు. సిడ్నీలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాదులోని కేర్ ఫౌండేషన్, బైర్రాజు ఫౌండేషన్ వంటి సంస్థలు కలిసి చేశాయి. సుమారు లక్షా ఎనభై వేల జనాభాలో 2004 అక్టోబరుతో ముగిసిన పన్నెండు నెలల్లో 1,354 మంది చనిపోయారు. వాళ్లలో 98 శాతం మంది ఇళ్లకి వెళ్లి వివరాలు సేకరించారు. ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. ప్రతి వంద చావుల్లో 32 గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే జరిగాయి. అందులో గుండెపోటు వాటా ఎంతో పక్షవాతం వాటా కూడా దాదాపు అంతే. ప్రమాదాలు, ఆత్మహత్యల వంటివి 13 శాతం. టీబీతో సహా అంటురోగాలన్నీ కలిపినా 12 శాతమే. చనిపోయినవారి సగటు వయసు 60.

గుండెజబ్బు పట్నవాసుల జబ్బు, పల్లెల్లో పోయేది జ్వరాలతో, విరేచనాలతో అన్న నమ్మకం అప్పటికి గట్టిగా ఉంది. ఆ నమ్మకాన్ని ఈ లెక్క పడగొట్టింది. అయితే గోదావరి డెల్టాని మన దేశంలో సగటు పల్లెసీమ అనుకోవడానికి లేదని కూడా చెప్పాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఇక్కడ నీళ్లున్నాయి, వరి ఉంది, కాస్తో కూస్తో డబ్బు ఉంది. మిగతా జిల్లాలు తర్వాత ఎక్కిన మెట్లు ఇవి ముందే ఎక్కాయి. అదే బృందం 2005లో 20 ఊళ్లలో ముప్ఫై దాటిన నాలుగున్నర వేల మందికి రక్తపరీక్షలు చేస్తే 13 శాతం మందికి షుగరు తేలింది. వాళ్లలో సగానికి పైగా జనానికి తమకి షుగరు ఉందన్న సంగతే తెలియదు. ఇక పొగాకు సంగతి సరేసరి. గోదావరి లంకల్లో పండే పొగాకుతో చుట్టిన చుట్టలు తరతరాలుగా ఇక్కడివాళ్ల నోట ఉన్నాయి. కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థని 1947లో పెట్టింది కూడా రాజమండ్రిలోనే.

షుగరు, బీపీ, పొగాకు, కొలెస్టరాల్ అనే నాలుగు పేర్లూ ఇప్పుడు అందరికీ కంఠతా వచ్చు. అవి ధమనిలో చేరి ఏం చేస్తాయన్న దగ్గరే మన బుర్రల్లో ఉన్న బొమ్మ తప్పు.

ఆ బొమ్మ కాలువది. డెల్టాలో పుట్టినవాడికి అది సహజంగానే తడుతుంది. కాలువలో ఏటేటా పూడిక పేరుకుంటుంది, పారుదల తగ్గుతుంది, ఒకరోజు చివరి పొలానికి నీరందదు. యాంజియోగ్రామ్ తెర మీద డాక్టరు చూపించే "డెబ్భై శాతం బ్లాక్" కూడా అలాగే కనిపిస్తుంది. కానీ గుండెపోట్లలో చాలావాటి కథ వేరు. 1988లో అమెరికాలో రెండు బృందాలు గుండెపోటు వచ్చినవాళ్ల పాత యాంజియోగ్రాములు తీసి చూశాయి. తర్వాత మూసుకుపోయిన చోట అంతకుముందు నాళం చాలామందిలో సగం కూడా సన్నబడలేదు. నీరు బాగానే పారుతున్న చోటే కొంప మునిగిందన్నమాట. డెల్టా రైతుకి ఇది కూడా తెలియని సంగతి కాదు. ఎలుక కన్నాలు, ఎండ్రకాయ బొరియలు లోపల్లోపల గట్టుని తొలిచేస్తాయి. పైన గడ్డి పచ్చగానే ఉంటుంది, ఒక రాత్రి గండి పడుతుంది. ధమని జబ్బు ప్రధానంగా గట్టు జబ్బు. అది నాళం గోడలో పుడుతుంది, గోడలోనే పెరుగుతుంది. గోడ లోపొర చిట్లి, లోపలి సరుకు రక్తానికి తగిలినప్పుడు అక్కడ రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ నిమిషాల్లో నాళాన్ని మూసేస్తుంది. పైనున్న పొర మందం మిల్లీమీటరులో పదిహేనో వంతు, అంటే సుమారు 65 మైక్రాన్ల కన్నా తగ్గితే గోడలో పెరిగిన ఆ ముద్ద, అంటే ప్లాక్, ప్రమాదకరమైనదని పాథాలజిస్టులు లెక్కగట్టారు.

అయితే గట్టుని తొలిచేది ఏది? ఈ ప్రశ్నకి గత పాతికేళ్లలో దొరికిన జవాబుల్లో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఒక కణం చచ్చిపోయే తీరు.

ధమని గోడలోకి చెడ్డ కొలెస్టరాల్ని మోసే ఎల్‌డీఎల్ రేణువులు చొరబడతాయి. బీపీ ఎక్కువైనా, పొగాకు పొగ లోపొరని దెబ్బతీసినా ఆ చొరబాటు పెరుగుతుంది. గోడలో చిక్కుకున్న రేణువులు రసాయనికంగా పాడవుతాయి. వాటిని ఎత్తి పారేయడానికి రక్తంలోంచి మోనోసైట్లనే తెల్లకణాలు గోడలోకి దిగి, మాక్రోఫేజ్‌లుగా మారతాయి. మాక్రోఫేజ్ పని తినడం. చచ్చిన కణాలు, బాక్టీరియా, చెత్త, ఏది కనబడితే అది తింటుంది. కొలెస్టరాల్‌ని కూడా అలాగే తింటుంది. కాకపోతే కొలెస్టరాల్ అణువుని మన ఒంట్లో ఏ కణమూ పూర్తిగా విరగ్గొట్టలేదు. దాచుకోవాలి, లేదా బయటికి పంపించాలి. తిన్నది పంపలేనంత అయినప్పుడు కణం కడుపు కొవ్వు బొట్లతో ఉబ్బిపోతుంది. ఇంకా ఎక్కువైతే కొలెస్టరాల్ స్ఫటికాలుగా పేరుకుంటుంది. సన్నని, పలచని, అంచులు పదునైన పలకలవి.

ఒంట్లో కణాలు చావడం వింత కాదు. రోజూ కోట్లకొద్దీ చస్తాయి. మామూలు చావుని అపాప్టోసిస్ అంటారు. కణం తన సరుకుని తనే చిన్న చిన్న మూటలుగా కట్టుకుంటుంది, పక్కనున్న మాక్రోఫేజ్ ఆ మూటల్ని మింగేస్తుంది, చుట్టుపక్కల ఎవరికీ ఏమీ తెలియదు. రెండో రకం దీనికి పూర్తి విరుద్ధం. కణం ఉబ్బి, పగిలి, లోపలిదంతా వెదజల్లి, వాపునీ మంటనీ రేపే రసాయనాలు విరజిమ్మి మరీ చస్తుంది. 2001లో కుక్సన్, బ్రెన్నన్ అనే ఇద్దరు దీనికి పైరాప్టోసిస్ అని పేరు పెట్టారు. వాళ్లు చూసింది సాల్మొనెల్లా బాక్టీరియా సోకిన మాక్రోఫేజ్‌లని. టైఫాయిడ్ కలిగించేది కూడా ఆ బాక్టీరియా కుటుంబమే. సూక్ష్మజీవి లోపలికి దూరి కాపురం పెట్టినప్పుడు, కణం తనని తాను పేల్చుకుని దాన్ని బయటికి తోసేస్తుంది, మిగతా సైన్యాన్ని పిలుస్తుంది. అంటురోగాల మధ్య బతికిన జాతికి ఇది ప్రాణం కాపాడిన విద్య. ధమని గోడలో బాక్టీరియా లేదు, స్ఫటికం ఉంది. కణానికి ఆ తేడా తెలియదు.

ఆ చావుని కొంచెం దగ్గరగా చూద్దాం. రెండు సంకేతాలు అందితే గానీ అది జరగదు. పాడైన ఎల్‌డీఎల్ కణం పైనున్న గ్రాహకాలకి తగలడం మొదటిది. దాంతో కణం ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే ప్రోటీన్‌ని పచ్చిగా తయారుచేసి నిల్వ పెట్టుకుంటుంది. ఆ రూపంలో అది ఎందుకూ పనికిరాదు. రెండో సంకేతం స్ఫటికం ఇస్తుంది. దాన్ని మింగిన సంచిని లైసోజోమ్ అంటారు. స్ఫటికం ఆ సంచిని చీల్చి, అందులోని జీర్ణరసాల్ని కణంలోకి వదులుతుంది. అదే సమయంలో కణంలోని పొటాషియం బయటికి కారడం మొదలవుతుంది. ఈ రెండు అలజడుల్నీ ఎన్ఎల్ఆర్‌పీ3 అనే ప్రోటీన్ పసిగడుతుంది. అంతవరకూ కణంలో చెల్లాచెదురుగా ఉన్న మరో ప్రోటీన్ ఒక్కచోటికి పరుగెత్తి, ఒకే ఒక్క చుక్కగా ముద్దకడుతుంది. మామూలు సూక్ష్మదర్శినిలో కూడా ఆ చుక్క కనిపిస్తుంది. దాని వెడల్పు సుమారు ఒక మైక్రాన్. ఒక కణానికి ఒకటే చుక్క. మొత్తం యంత్రాంగానికి ఇన్‌ఫ్లమసోమ్ అని 2002లో స్విట్జర్లాండ్‌లో యుర్గ్ చాప్ బృందం పేరు పెట్టింది.

ఆ చుక్క మీద కాస్పేజ్-1 అనే ఎంజైమ్ మేల్కొంటుంది. దాని పని కత్తిరించడమే. పచ్చి ఇంటర్‌ల్యూకిన్‌ని కత్తిరించి పదును పెడుతుంది. ఇంకో కోత గాస్‌డెర్మిన్-డి అనే ప్రోటీన్ మీద పడుతుంది. ఈ రెండో కోత సంగతి 2015 దాకా ఎవరికీ తెలియదు. ఆ ఏడాది బీజింగ్‌లో ఫెంగ్ షావో బృందం, కాలిఫోర్నియాలోని జెనెన్‌టెక్‌లో మరో బృందం విడివిడిగా దాన్ని పట్టుకున్నాయి. తెగిన గాస్‌డెర్మిన్ ముక్కలు సుమారు ముప్ఫై చొప్పున కణం పైపొరలో వలయంగా కూర్చుని చిల్లు పొడుస్తాయి. చిల్లు వెడల్పు సుమారు 20 నానోమీటర్లు. ఇంటర్‌ల్యూకిన్ దూరి పోవడానికి సరిగ్గా చాలుతుంది. ఉప్పు, నీరు లోపలికి జొరబడి కణం బుడగలా ఉబ్బుతుంది. ఆఖరున పొర దానంతటది పగలదని, అందుకు నింజూరిన్-1 అనే ఇంకో ప్రోటీన్ ఉందని 2021లో తేలింది. చావుకి ఇంత ఏర్పాటు ఉందంటే అది ప్రమాదవశాత్తూ జరిగేది కాదని అర్థం.

పగిలిన కణం లోంచి వచ్చేవాటిలో నాలుగు ముఖ్యమైనవి. పదునుపెట్టిన ఇంటర్‌ల్యూకిన్ రక్తంలోంచి మరిన్ని తెల్లకణాల్ని గోడలోకి పిలుస్తుంది. జీర్ణం కాని స్ఫటికం మళ్లీ బయటపడి, తర్వాతి మాక్రోఫేజ్ నోట్లోకి వెళ్తుంది. ఆ మైక్రాన్ చుక్క కూడా చెక్కుచెదరకుండా బయటికొచ్చి, మింగిన పక్క కణంలో మళ్లీ పని మొదలుపెడుతుందని 2014లో రెండు బృందాలు చూపించాయి. చచ్చినవాటిని ఎత్తిపోసే మాక్రోఫేజ్‌లే చస్తుంటే శవాలు పేరుకుంటాయి. ప్లాక్ నడిమధ్యన కొవ్వు, స్ఫటికాలు, కణాల శిథిలాలతో మెత్తటి గుజ్జు తయారవుతుంది. బతికున్న మాక్రోఫేజ్‌లు వదిలే ఎంజైములు పైపొరలోని కొల్లాజెన్‌ని కరిగిస్తాయి. గట్టుని తొలిచే పని ఇదే.

నాలుగోది ఏటీపీ. కథ ఇక్కడ భీమవరం వెళ్తుంది.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. రాజమండ్రిలో, మద్రాసులో చదివి, మద్రాసు మెడికల్ కాలేజీలో వైద్యం నేర్చుకున్నాడు. కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ఛారిటీస్ సాయంతోనూ మామగారి సాయంతోనూ 1920ల మొదట్లో బోస్టన్ చేరాడు. పొట్ట గడవడానికి అక్కడి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే రాత్రి ఉద్యోగం చేశాడు. పగలు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టాడు. 1925 నాటి ఆ పద్ధతి ఇద్దరి పేర్లతోనే ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, ఆ తర్వాత 1929లో ఏటీపీ దొరికాయి. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా పట్టుకున్నాడు. పాఠ్యపుస్తకాలు లోమన్ పేరు చెప్పి ఊరుకోవడం మనవాళ్లకి పాత బాధ. దాని గురించి ఇప్పటికే చాలా రాశారు కాబట్టి నేను మళ్లీ ఎత్తుకోను.

ఏటీపీ అంటే ప్రాణశక్తి నాణెం అని స్కూల్లో చెబుతారు. కణం లోపల అది పుష్కలంగా ఉంటుంది. బయట దాదాపు ఉండదు, లోపలున్నదాంట్లో వెయ్యో వంతుకి కూడా రాదు. కాబట్టి బయట ఏటీపీ కనబడిందంటే ఎక్కడో ఒక కణం పగిలిందన్నమాట. మెల్‌బోర్న్‌లో జెఫ్రీ బర్న్‌స్టాక్ 1972లో ఏటీపీ కణాల మధ్య సంకేతంగా కూడా పనిచేస్తుందంటే చాలాకాలం ఎవరూ చెవిన పెట్టలేదు. ఇప్పుడు అది తిరుగులేని నిజం. మాక్రోఫేజ్ పైపొర మీద పీ2ఎక్స్7 అనే గ్రాహకం ఉంది. బయటి ఏటీపీ దానికి తగిలితే గేటు తెరుచుకుంటుంది, పొటాషియం బయటికి పోతుంది, ఎన్ఎల్ఆర్‌పీ3 మేల్కొంటుంది. ఒక కణం పగిలి చిమ్మిన ఏటీపీయే పక్క కణానికి చావు సంకేతం అవుతుంది. సుబ్బారావు కండరంలో వెతికింది బతుకుకి కావలసిన ఇంధనాన్ని. అది చావు కబురు కూడా మోస్తుందని తెలుసుకునే అవకాశం ఆయనకి రాలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, నిద్రలోనే గుండె ఆగి పోయాడు.

ఏటీపీతో ఎన్ఎల్ఆర్‌పీ3 మేల్కొంటుందని తేలిన 2006లోనే ఆ ప్రోటీన్ మీద మరో ముఖ్యమైన పరిశోధనాపత్రం వెలువడింది. బాక్టీరియా ఆర్‌ఎన్‌ఏని కూడా అది పసిగడుతుందని చెప్పిన ఆ పత్రంలో మొదటి పేరు కన్నెగంటి తిరుమలదేవిది. కొత్తగూడెంలోని సింగరేణి మహిళా కళాశాలలో డిగ్రీ, ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసిన ఆమె ఇప్పుడు మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో పెద్ద పరిశోధనశాల నడుపుతున్నారు. అపాప్టోసిస్, పైరాప్టోసిస్, ఇంకో రకమైన నెక్రాప్టోసిస్ ఒకదానికొకటి సంబంధం లేని మూడు దారులు కావనీ, మూడింటి భాగాలూ కలిసి ఒకే యంత్రంగా పనిచేసే సందర్భాలున్నాయనీ ఆమె బృందం చూపింది. దానికి పానాప్టోసిస్ అని పేరు పెట్టింది. ధమని గోడలో ఏ చావు వాటా ఎంత అన్న లెక్క ఇంకా సాగుతూనే ఉంది. నెక్రాప్టోసిస్‌కి కీలకమైన జన్యువుని తీసేసినా ఎలుకల్లో జబ్బు తగ్గినట్టు చూసినవాళ్లున్నారు. ధమనిలో మంటకీ కొలెస్టరాల్‌కీ మధ్య తెగిపోయి ఉన్న లంకెని మాత్రం 2010లో ఐకే లాట్జ్ తదితరులు అతికించారు. కొలెస్టరాల్ స్ఫటికాలు ఎన్ఎల్ఆర్‌పీ3ని లేపుతాయనీ, ఎముక మజ్జలో అది లేని ఎలుకలకి ప్లాక్ తక్కువగా పెరుగుతుందనీ వాళ్లు నిరూపించారు. ధమని జబ్బులో వాపు ఉందని 1850లలోనే జర్మన్ వైద్యుడు విర్కో అన్నాడు. కొలెస్టరాల్ తినిపిస్తే కుందేళ్లకి ఆ జబ్బు వస్తుందని 1913లో రష్యాలో అనిచ్‌కోవ్ చూపించాడు. వందేళ్లు ఈ రెండు వర్గాలు ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి. వాటిని కలిపింది ఒక స్ఫటికం.

ఎలుకల్లో నిజమైనదల్లా మనుషుల్లో నిజం కానక్కర్లేదు. ఆ పరీక్ష బోస్టన్‌లో పాల్ రిడ్కర్ పెట్టాడు. ఒకటి కాదు, రెండు. కాంటోస్ అనే మొదటిదాంట్లో గుండెపోటు వచ్చి బతికిన 10,061 మందిని తీసుకున్నారు. రక్తంలో వాపు ఆనవాలైన సీఆర్‌పీ లీటరుకి రెండు మిల్లీగ్రాములకి తగ్గనివాళ్లనే ఎంచుకున్నారు. వాళ్లలో ఎక్కువమందికి మూడు నెలలకోసారి కెనకినుమాబ్ ఇంజక్షన్ ఇచ్చారు. అది ఇంటర్‌ల్యూకిన్-1 బీటాని ఒక్కదాన్నే పట్టుకుని కట్టేసే యాంటీబాడీ. కొలెస్టరాల్ జోలికి పోదు. 2017లో ఫలితం వచ్చింది. 150 మిల్లీగ్రాముల మోతాదులో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు చావులు కలిపి 15 శాతం తగ్గాయి. కొలెస్టరాల్ అంగుళం కదలకుండానే జబ్బు తగ్గిందంటే, గోడలో మంట నిజంగానే ఒక కారణమని ఒప్పుకోక తప్పలేదు. దీనికి వెల కూడా పడింది. ప్రాణం తీసే ఇన్‌ఫెక్షన్లు ఆ మందు వాడినవాళ్లలో ఎక్కువ వచ్చాయి. బాక్టీరియా మీదికి పంపే పిలుపునే కట్టేశాక రాకేం చేస్తాయి? ఖరీదు కూడా చాలా ఎక్కువ. గుండెజబ్బు కోసం ఆ మందుకి అనుమతి రాలేదు.

రెండో పరీక్ష పేరు సర్ట్. మందు మెతోట్రెక్సేట్. కీళ్లవాతం ఉన్న ఇళ్లలో ఈ పేరు బాగా తెలుసు. వారానికి ఒక్కరోజు వేసుకునే మాత్ర. అది సుబ్బారావు లెడర్లీ కంపెనీలో పరిశోధన నడిపిన కాలంలో, ఫోలిక్ ఆమ్లం మీద ఆయన బృందం చేసిన పని లోంచి పుట్టింది. మెతోట్రెక్సేట్‌కి ముందు తరం మందైన అమినోప్టెరిన్‌ని 1947-48లో సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో లుకేమియా పిల్లలకి వాడి చూశాడు. మన డెల్టాలో బోదకాలు మందుగా ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర కూడా ఆయన బృందానిదే. సర్ట్‌లో పాల్గొన్న 4,786 మందీ మెతోట్రెక్సేట్‌తో పాటు, లేదా ఉత్త మాత్రతో పాటు, ఫోలిక్ ఆమ్లం కూడా వేసుకున్నారు. అదీ ఆయన లెక్కలోదే. ఈ పరీక్షని నడిపిన బ్రిగమ్ ఆసుపత్రి, ఆయన పాత్రలు కడిగిన పీటర్ బెంట్ బ్రిగమ్‌కి వారసురాలు. ఇన్ని దారాలు ఒకచోట ముడిపడటం చూసి ఫలితం కూడా గొప్పగా ఉంటుందని ఆశపడతాం.

ఏమీ లేదు. గుండెపోట్లు తగ్గలేదు. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా తగ్గలేదు, సీఆర్‌పీ తగ్గలేదు. చిన్న మోతాదులో మెతోట్రెక్సేట్ కీళ్ల వాపుని తగ్గించేది ముఖ్యంగా అడినోసిన్‌ని పెంచి. ఏటీపీలోంచి మూడు ఫాస్ఫేట్లూ ఊడిపోతే మిగిలేది అడినోసిన్ కాబట్టి రసాయనం మళ్లీ అదే కుటుంబం. కానీ ఎన్ఎల్ఆర్‌పీ3 దారికి అది అడ్డుపడదు. పైగా సర్ట్‌లో చేర్చుకున్నవాళ్ల సీఆర్‌పీ మొదటి నుంచీ పెద్దగా ఎక్కువ లేదు. నా దృష్టిలో ఈ ఓటమి కాంటోస్ గెలుపు కన్నా ఎక్కువ నేర్పింది. వాపు తగ్గించే మందులన్నీ ఒకటి కావు. ధమనిలో మంట రేపేది ఒక ప్రత్యేకమైన చావు, దానికో ప్రత్యేకమైన తీగ. ఆ తీగని తెంపిన మందు పనిచేసింది. వేరే తీగని తెంపినది, ఎంత గొప్ప వంశంలో పుట్టినా, పనిచేయలేదు. "వాపు తగ్గిస్తుంది" అని పసుపు గుళికలు, చేపనూనె గుళికలు అమ్మేవాళ్లు ఈ రెండు పరీక్షల్నీ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

పాత చవక మందొకటి ఈ తీగ దగ్గరికి వస్తుంది. కోల్చిసిన్. మనదగ్గర కంచెల మీద ఎర్రగా పసుపుగా పూసే అగ్నిశిఖ దుంపలో, గింజల్లో ఉండే విషమే అది. గౌట్ నొప్పికి ఎప్పటి నుంచో వాడతారు. గౌట్‌లో కూడా దోషి స్ఫటికమే, యూరిక్ ఆమ్లానిది. అది కూడా ఎన్ఎల్ఆర్‌పీ3నే లేపుతుంది. కణంలోని సన్నని నాళికల్ని కోల్చిసిన్ దెబ్బతీస్తుంది. దాంతో ఇన్‌ఫ్లమసోమ్ భాగాలు ఒక్కచోట చేరడం కష్టమవుతుంది. రోజుకి అర మిల్లీగ్రాము ఇస్తే గుండెపోటు కొత్తగా వచ్చినవాళ్లలో మళ్లీ ప్రమాదం 23 శాతం తగ్గిందని 2019లో ఒక పరీక్ష, చాలాకాలంగా గుండెజబ్బు ఉన్నవాళ్లలో 31 శాతం తగ్గిందని 2020లో ఇంకొకటి చెప్పాయి. 2023లో అమెరికా ఔషధ సంస్థ దాన్ని గుండె కోసం అనుమతించింది. మరుసటి ఏడాదే, గుండెపోటు వచ్చిన ఏడు వేలమందికి పైగా జనంతో జరిగిన క్లియర్ అనే పరీక్షలో ఏ లాభమూ కనబడలేదు. డాక్టర్లు ఇప్పుడు రెండు వర్గాలుగా ఉన్నారు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకి, కొన్ని యాంటీబయాటిక్స్ వాడేవాళ్లకి అర మిల్లీగ్రాము కూడా విషమయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి మందుల షాపులో అడిగి కొనుక్కునే మాత్ర కాదది.

ఈ లోగా డెల్టాలో చేయదగ్గ పని అంతా తీగకి ఎగువనే ఉంది. స్టాటిన్ మాత్ర ఎల్‌డీఎల్‌ని తగ్గిస్తే స్ఫటికం కట్టడానికే సరుకుండదు. బీపీ తగ్గితే చొరబాటు తగ్గుతుంది. చుట్ట మానేస్తే లోపొర కోలుకుంటుంది. షుగరు అదుపులో లేని ఎలుకల్లో ఎముక మజ్జ మోనోసైట్లని అతిగా పుట్టిస్తుందని 2013లో చూపించారు. అంటే గోడలోకి దిగి చావబోయే కణాల వరస అక్కడే మొదలవుతుంది. ఈ మందులన్నీ పాతవి, చవకవి. అందించడమే కష్టం. పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 ఊళ్లలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఇంకో ప్రయోగం చేసింది. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్లు ఇచ్చారు. ఇంటింటికీ వెళ్లి బీపీ చూసి, వయసు, పొగాకు, షుగరు వివరాలు నమోదు చేస్తే, రాబోయే పదేళ్లలో గుండెపోటు ముప్పు ఎంతో తెర మీద కనబడుతుంది. ముప్పు ఎక్కువున్నవాళ్లని డాక్టరు దగ్గరికి పంపాలి. ఆశాలు ఆ పని చేశారు, మనుషుల్ని గుర్తించారు. 2019లో ఫలితాలు వచ్చేసరికి, బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల శాతంలో ప్రయోగానికి ముందుకీ తర్వాతకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. పేరు నమోదైనంత మాత్రాన బీపీ తగ్గదు. కేంద్రంలో డాక్టరు ఉండాలి, బీపీ మాత్ర ఈ నెలా వచ్చే నెలా కూడా దొరకాలి. రోగి కూలి మానుకుని ఆ మాత్ర కోసం మళ్లీ మళ్లీ రావాలి.